మన్ననూరు గేటు దాటాక: నల్లమలలో నాలుగు రోజులు

డిసెంబర్ 12, శుక్రవారం – అచ్చంపేట, ఉమామహేశ్వరం

పాలమూరు నుంచి జడ్చర్ల, కల్వకుర్తి, అచ్చంపేట మీదుగా వస్తే నల్లమల గేటున్న మన్ననూరు నూట ఇరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. నల్లగొండ వాళ్లకు దేవరకొండ, డిండి దారి సులువు. ఎటు నుంచి వచ్చినా కొనాల్సినవన్నీ ఘాట్ ఎక్కకముందే కొనుక్కోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం. గేటు దగ్గర నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు వదిలించుకోవడం కంటే ఇంటి నుంచే స్టీలు సామాను తెచ్చుకోవడం నయం. మనిషికి రోజుకు మూడు లీటర్ల నీళ్లు లెక్కేసుకోవాలి. నలుగురికి ఒక ఇరవై లీటర్ల క్యాను, తలా ఒక స్టీలు సీసా ఉంటే రోజు గడిచిపోతుంది.

అచ్చంపేట బస్టాండు దగ్గర పొద్దున ఎనిమిదింటికి టిఫిన్ బండ్ల కంటే ఉడకబెట్టిన కందికాయ గంపల దగ్గరే గిరాకీ ఎక్కువగా ఉంది. ఈ నెలలో పాలమూరంతా ఇంతే. ఉప్పేసి కాయను కాయలాగే ఉడికిస్తారు. వేడి వేడిది ఇరవై రూపాయలకు రెండు దోసిళ్లు. కవర్ తీయబోతున్న అమ్మకు డబ్బా చాపితే ఒకసారి మొహంలోకి చూసి నవ్వి, ఇంకో గుప్పెడు కొసరేసింది. అయితే ఈ కాయ తినడం కారు ఎక్కకముందే అయిపోవాలి. పొట్టు మట్టిలో కలిసిపోయేదే కదా అని కిటికీలోంచి విసిరేస్తారు చాలామంది. ఉప్పు పట్టిన పొట్టు రోడ్డు పక్కన పడితే కోతులు, దుప్పులు దాని కోసం తారు మీదికి వస్తాయి. ఉప్పు మీద అడవి జంతువుకు ఉండే యావ అంతా ఇంతా కాదు.

రంగాపూర్ దగ్గర శ్రీశైలం హైవే వదిలి లోపలికి తిరిగితే ఉమామహేశ్వరం. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఇది. నాలుగింట్లో రెండు మన పాలమూరువే. పెద్ద కొండచరియ గొడుగు పట్టినట్టు ముందుకు వాలి ఉంటే, దాని నీడలో గుడి. ఎండ తగలదు, వాన తడపదు. చరియ సందుల్లోంచి ఊరే నీటిని పాపనాశనం అంటారు.

ఇక్కడే మొదటి పరీక్ష. గుడి బయటికి కొబ్బరిచిప్ప చేత్తో పట్టుకుని వస్తే పది అడుగులు నడవనివ్వవు కోతులు. చిప్పను పైకెత్తితే మనిషినే ఎక్కేస్తాయి. దాచుకుంటే సంచి చించుతాయి. గుడిలోనే చిప్ప పగలగొట్టి ముక్కలు మూత గట్టి డబ్బాలో వేసుకుని, డబ్బాను బ్యాగు అడుగున పెట్టుకుని మామూలుగా నడిచి రావడం ఒక్కటే దారి. కోతి పళ్లు చూపిస్తే తిరిగి పళ్లు చూపకూడదు, అంటే నవ్వకూడదు. దాని లెక్కలో అది సవాలు. కళ్లలోకి చూడకుండా పక్కకు తిరిగి మెల్లగా కదలాలి. పరుగెత్తితే మాత్రం వెంటపడుతుంది.

సాయంత్రం ఘాట్ ఎక్కి మన్ననూరు చేరాక దారి తప్పడం దాదాపు అందరికీ జరిగేదే. ఫోన్లో ‘అమ్రాబాద్’ అని కొట్టి ఊరుకుంటే మ్యాపు అడవికి కాదు, అమ్రాబాద్ ఊరికి తీసుకుపోతుంది. అభయారణ్యం చూడాలంటే మన్ననూరులో ఎడమకు తిరగకుండా హైవే మీదే నేరుగా పోవాలి. తిరిగినా నష్టం లేదు. ఆ పొరపాటు వల్లే పొడ తూర్పు పశువుల మంద ఎదురైంది. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలు, అవే పొడలు. సన్నటి కాళ్లు, రాతినేలకు తట్టుకునే గట్టి గిట్టలు. దేశవాళీ జాతిగా అధికారిక గుర్తింపు పొందిన రకం ఇది. మంద ఎదురైతే హారన్ కొట్టకుండా ఇంజన్ ఆపేసి కూర్చుంటే సరి. రెండు నిమిషాల్లో కారు పక్కనుంచి వాటంతట అవే చీలిపోతాయి. హారన్ కొడితే దూడలు బెదిరి వెనక్కి తిరుగుతాయి, కాపరికి అరగంట పని. ఈ మందను తోలుతున్న తాత ఆగి, “ఏడికి సార్?” అని అడిగి, దారి చెప్పి, ఆఖరుకు ఒక మాట అన్నాడు: “పులి కోసమైతే పొద్దుగాల్నే పోవాలె, ఎండెక్కినంక ఏముంటది, రాళ్లుంటయి.”

మన్ననూరు హోటల్లో అన్నం, పప్పు, పచ్చిపులుసు, వేపుడు కలిపి 120 రూపాయలు. నాటుకోడి కావాలంటే రెండు గంటల ముందు చెప్పాలి. ముందు చెప్పకుండా వెంటనే దొరికింది నాటుకోడి కాదని అర్థం.

డిసెంబర్ 13, శనివారం – ఫరహాబాద్

నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్లు పరుచుకున్న ఈ అభయారణ్యం రాష్ట్ర విభజనకు ముందు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. కృష్ణకు ఇవతలి ముక్క మనకు వచ్చింది. సందర్శకుల సఫారీ ఫరహాబాద్ గేటు లోపలి దారుల్లో. సొంత బండి పనికిరాదు, అటవీశాఖ వాహనంలోనే పోవాలి. బస, సఫారీ, అడవి నడక కలిపి ‘టైగర్ స్టే’ పేరుతో 2021లో ప్యాకేజీ మొదలైనప్పుడు ఇద్దరికి 4,600 రూపాయలు. ఆ తర్వాత రేట్లు పెరిగాయి. వారాంతం అయితే ముందే తీసుకోవాలి.

పొద్దున ఆరున్నరకు చలి ఎముకల్లోకి దిగుతుంది. తెరిచిన జీపులో గాలి ఇంకా కోస్తుంది. మఫ్లరు, ఉన్ని టోపీ ఉండాలి. బట్టలు ఆకుపచ్చ, మట్టి రంగువి అయితే మేలు. తెల్లచొక్కా అడవిలో దీపంలా కనిపిస్తుంది. అత్తరు, సెంటు వద్దు. డిసెంబర్లో ఇంకో ఇబ్బంది గడ్డి. వానాకాలపు బోద నడుమెత్తున ఎండి నిలబడి ఉంటుంది. అందులో పులి పది గజాల దూరంలో పడుకున్నా కనబడదు. జంతువులు ఎక్కువగా కనబడాలంటే మార్చి నుంచి మే దాకా, వాగులు ఎండి అన్నీ నీళ్ల సాసర్ తొట్ల దగ్గరికి చేరే కాలం. అయితే అప్పుడు ఎండ మాడ్చేస్తుంది, అగ్ని భయం ఉంటుంది. నల్లమల ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి నేలంతా ఎండాకు పరుపే. ఆరని బీడీ ముక్క ఒక్కటి చాలు.

కౌంటర్ దగ్గర ఒక కుటుంబం అడిగింది: “ఏనుగెక్కి తిరిగేది లేదా ఈడ?” నల్లమలలో ఏనుగుల్లేవు. తెలుగు నేల మీద అడవి ఏనుగులు ఉన్నది చిత్తూరు వైపు కౌండిన్యలోనూ పార్వతీపురం మన్యంలోనూ. కౌండిన్యలోకి కూడా అవి 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి నడిచి వచ్చినవే. ఎక్కడైనా సరే ఎక్కి తిరిగే ఏనుగు దగ్గరికి పోకపోవడమే మంచిది. ఏనుగు వెన్నెముక మీద ఎముకలు పైకి పొడుచుకుని ఉంటాయి. అంబారీ బరువు నేరుగా వాటి మీద పడి చర్మం ఒరుసుకుంటుంది. గొలుసుకు కట్టిన ఏనుగు తలను అదేపనిగా అటూ ఇటూ ఊపుతుంటే ‘డ్యాన్స్ చేస్తోంది’ అని ఫోన్లు తీస్తారు. అది ఆట కాదు, కట్టేసిన బతుకులో పట్టుకున్న జబ్బు.

జీపులో ముందు కూర్చున్న చెంచు యువకుడి కళ్లు ఎప్పుడూ నేల మీదే. వీళ్లు పులిని చెట్లలో వెతకరు, దుమ్ములో వెతుకుతారు. బాట మలుపులో బండి ఆపించి, దిగకుండానే కిందికి వేలు చూపించాడు. మెత్తటి ఎర్రదుమ్ములో అడుగు. మడమ మెత్త వెనక అంచు మూడు వంపులుగా ఉంది, ముందు నాలుగు వేళ్ల గుర్తులు, గోళ్ల జాడ లేదు. గోళ్లు పడితే రేసుకుక్కో, హైనావో అవుతుంది. పిల్లిజాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. వెడల్పు చేతి బెత్తకంటే ఎక్కువ కాబట్టి చిరుత కాదు. అంచులు ఇంకా రాలలేదు, అడుగు మీద రాత్రి మంచు చుక్కల గుంటలు లేవు. అంటే మంచు కురవడం ఆగాక, తెల్లవారుజామున వేసిన అడుగు. అడుగు నలుచదరంగా ఉంటే మగది, పొడుగ్గా ఉంటే ఆడది. ఇది పొడుగ్గా ఉంది.

తర్వాత అరగంట అరుపుల కోసమే ఎదురుచూపు. కొండముచ్చు అరుపు, దుప్పి సన్నటి కూత, పెద్ద జింక కణుజు గంట కొట్టినట్టు ‘ఢాంక్’. మూడింటికీ ఒకటే విలువ ఇవ్వకూడదు. దుప్పి పిరికిది, నక్క పోయినా అరుస్తుంది. కణుజు ఒకసారి అరిచి ఊరుకుంటే కూడా నమ్మనక్కర్లేదు. నిలబడిన చోటే నిలబడి, ఆగి ఆగి మళ్లీ మళ్లీ అరిస్తే అక్కడ పులో చిరుతో ఉన్నట్టే. ఆ రోజు దుప్పి అరిచింది, కణుజు అరవలేదు. పులి కనబడలేదు. జీపులో వెనక కూర్చున్నవాళ్లు మాటలు మొదలుపెట్టగానే దగ్గర్లోని నెమలి కూడా నడక మార్చేసింది. అడవిలో గుసగుస కూడా దూరం పోతుంది. ఏదైనా కనబడితే నోటితో చెప్పకుండా పక్కవాడి భుజం తట్టి వైపు చూపించాలి.

బాటకు రెండు పక్కలా మోకాలెత్తున చెట్లకు కట్టిన పెట్టెలు కనబడతాయి. అవి కెమెరాలు. ఎదురెదురుగా రెండు ఎందుకంటే, పులి కుడివైపు చారలు ఒకలా, ఎడమవైపు ఇంకోలా ఉంటాయి. రెండు వైపులా ఒకేసారి ఫొటో పడితేనే అది ఫలానా పులి అని తేలుతుంది. సరదాకు పెట్టె తిప్పినా, దాని ముందు కొమ్మ వంచినా ఆ జంట చెడిపోతుంది. పులి కనబడితే చోటు పేరు పెట్టి వెంటనే ఫోన్లో పంచడం కూడా ఇలాంటిదే. అడుగులు వెతికేది మనమొక్కళ్లమే కాదు, ఉచ్చులు పెట్టేవాళ్లూ వెతుకుతారు.

ఫరహాబాద్ వ్యూపాయింట్ దగ్గర నిజాం కాలపు విడిది శిథిలాలు ఉన్నాయి. అంచు నుంచి చూస్తే కింద లోయంతా మంచు. ఈ దారి నుంచే లోయలోని సలేశ్వరం శివుడి దగ్గరికి పోతారు. చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లో తప్ప మిగతా ఏడాది ఆ బాట మూసే ఉంటుంది, ఉండాలి కూడా.

మధ్యాహ్నం మన్ననూరులో తేనె బేరం. రోడ్డు పక్క గిన్నెలో తేనెపట్టు ముక్క తేలేసి, కింద సీసాల్లో నల్లటి ద్రవం, కిలో నాలుగు వందలు చెప్పారు. పట్టు ముక్క నిజమే, సీసాలో ఉన్నది బెల్లంపాకం కావచ్చు. నీళ్ల గ్లాసులో చుక్క వేయడం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం లాంటి పరీక్షలు నమ్మదగ్గవి కావు. చిక్కటి పాకం కూడా అవన్నీ పాసవుతుంది. గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనడమే మేలు. చెంచులు తెచ్చే తేనె, తపసి బంక, కుంకుళ్లు కొనేది ఆ సంస్థే. ఆ తేనె ఎలా వస్తుందో తెలిస్తే బేరమాడ బుద్ధి కాదు. కొండచరియకు పట్టిన పెద్ద తేనెకు పై నుంచి తాడు మీద దిగుతారు. పైన తాడు పట్టుకునేది దిగేవాడి అన్నో తమ్ముడో కాదు, బామ్మర్ది. అక్క పుస్తెలు తెంపుకోడు కాబట్టి అతని చేతిలో తాడు భద్రం.

పెంటల్లోకి పిలవకుండా పోకూడదు. పెంట అంటే చెంచుల గూడెం, అదేదో చూడదగ్గ చోటు కాదు, నలుగురు బతికే వాకిలి. పిల్లలకు చాక్లెట్లు, పాత బట్టలు పంచే బండ్లు వస్తున్నాయి. దానివల్ల రోడ్డు మీద బండి కనబడితే పిల్లలు పరుగెత్తుకు రావడం మొదలైంది. వాకిట్లో కూర్చోబెట్టి అంబలి ఇస్తే తాగాలి, చెంబు కడిగి బోర్లించాలి. ఫొటో అడిగి తీయాలి. వద్దంటే మళ్లీ అడగకూడదు.

డిసెంబర్ 14, ఆదివారం – వటవర్లపల్లి, మల్లెల తీర్థం, దోమలపెంట

మన్ననూరు నుంచి దోమలపెంట దాకా యాభై అరవై కిలోమీటర్ల హైవే అడవి నడిబొడ్డులోంచి పోతుంది. మన వల్ల నల్లమలకు ఎక్కువ కీడు జరిగేది సఫారీలో కాదు, ఈ తారురోడ్డు మీద. ఆదివారం, పైగా శివయ్య మొక్కులు, వరసగా కార్లు. ప్రతి రెండు మూడు మలుపులకు ఒక బండి ఆగి ఉంది, చుట్టూ కోతులు. అరటిపండ్లు, బిస్కెట్లు, గుడి నుంచి తెచ్చిన కొబ్బరి. పుణ్యమనే వేస్తున్నారు, అందులో అనుమానం లేదు. కానీ తిండి రోడ్డు మీద దొరికే కోతి అడవిలోకి పోయి నేరేడు, తునికి తిని గింజలు చల్లే పని మానేస్తుంది. పిల్లను పొట్టకు కరిపించుకుని తారు మీదే కూర్చుంటుంది. వెనక వచ్చే బస్సు మలుపు తిరిగేసరికి దానికి లేచే వ్యవధి ఉండదు. బిస్కెట్ కవరు ఉప్పగా, తియ్యగా ఉంటుంది, దాన్ని దుప్పి తింటుంది. అది అరగదు, బయటికీ పోదు, కడుపులో ముద్ద కడుతుంది.

ఆగి ఉన్న ఒక బండాయనకు ఇదే చెప్పబోతే, “ఆంజనేయస్వామి రూపం అన్నా, ఒక్క పండే కదా” అన్నాడు. ఆయన వెనక మరో ఆరు బండ్లు ఆగి ఉన్నాయి.

బండి ముప్ఫై నలభై మించకూడదు. ఒక దుప్పి రోడ్డు దాటితే వెంటనే యాక్సిలరేటర్ తొక్కొద్దు, వెనక మంద ఉంటుంది. కణుజు ఒక్కటే దాటినా పిల్ల వెనక నిలబడి ఉండొచ్చు. మలుపులో ఆపడం కంటే మలుపు దాటి చదునుగా ఉన్నచోట ఆపడం మంచిది. ఇండికేటర్ వేసి వెనకవాళ్లను పోనివ్వాలి. కిటికీ అద్దం పైకే ఉండాలి.

వటవర్లపల్లి దగ్గర హైవే వదిలి ఎనిమిది కిలోమీటర్లు లోపలికి పోతే మల్లెల తీర్థం. అక్కడి నుంచి సుమారు మూడువందల యాభై మెట్లు కిందికి. దిగేటప్పుడు పావుగంట, ఎక్కేటప్పుడు ముప్పావు గంట, మోకాళ్ల నొప్పులవాళ్లకు ఇంకా ఎక్కువ. మెట్ల మీద దుకాణాలు ఉండవనే లెక్కతో నీళ్లు మోసుకోవాలి. డిసెంబర్లో జలపాతం పలచబడుతుంది. హోరు కాదు, రాతి మీద నాచు వెంట జారే సన్నటి తెరలు. ఎండాకాలం వచ్చేవాళ్లు ఉత్త బండ చూసి పోతారు. మడుగులో సబ్బు, షాంపూ వాడకూడదని బోర్డు ఉన్నా వాడేవాళ్లు ఉన్నారు. ఈ నీళ్లే కిందికి పోయి జంతువులకు తాగునీరవుతాయి. నాచు పట్టిన రాళ్ల మీద చెప్పుల కంటే వట్టికాళ్లే నమ్మకం. పైకొచ్చాక ప్యాంటు మడతల్లో పిడుదులు ఉన్నాయేమో చూసుకోవాలి. పట్టుకున్న పిడుదును నలిపి లాగితే తల లోపలే ఉండిపోయి పుండవుతుంది. చర్మానికి ఆనించి చిమటాతో పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి.

మధ్యాహ్నం వటవర్లపల్లిలో జొన్నరొట్టె, వంకాయ కూర, ఎర్రకారం. రొట్టె ఇరవై రూపాయలు, హోటలమ్మ అప్పటికప్పుడు తట్టి ఇస్తుంది. చేత్తో తట్టే చప్పుడు విని ఎన్ని రొట్టెలో లెక్కపెట్టొచ్చు. వేడిది సగం విరిచి కూరలో అద్దుకునేలోపు ఇంకొకటి పళ్లెంలో పడుతుంది. చాలని చెయ్యి అడ్డం పెట్టేదాకా ఆగదు.

దోమలపెంటకు ముందు ఆక్టోపస్ వ్యూపాయింట్. కింద కృష్ణ గుట్టల మధ్య చేతులు చాచినట్టు చీలి కనబడుతుంది, పేరు అందుకే. డ్రోన్ ఎగరేస్తామని తెచ్చుకున్న కుర్రాళ్లను అక్కడి వాచర్ ఆపాడు. అభయారణ్యంలో డ్రోన్ కుదరదు. గద్దలు దాన్ని పక్షి అనుకుని మీద పడతాయి.

సాయంత్రం ఏడున్నరకల్లా దోమలపెంట బసకు చేరాలి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి హైవే మూస్తారు. ఎనిమిదిన్నరకు గేటు దాటి ‘అటు చివర ఎలాగూ వదులుతారు’ అని పరుగు తీసే బండ్లు ఉంటాయి. ఆ అరగంట, ముప్పావు గంటే ప్రమాదం. చీకటి పడగానే తారు మీద ఇంకా వెచ్చదనం ఉంటుంది, పాములు దాని కోసం రోడ్డు మీదికొస్తాయి. కుందేలంత ఉండే మూషిక జింకలు కూడా రాత్రే తిరుగుతాయి. హైదరాబాద్ జూలో పెంచి తెచ్చి ఈ అడవిలో వదిలిన జాతి అది.

డిసెంబర్ 15, సోమవారం – తిరుగుదారి

పొద్దున అయిదున్నరకే దోమలపెంట గేటు ముందు లారీలు, బస్సులు, కార్లు కిలోమీటరు వరస కట్టాయి. చాయ్ పది రూపాయలు, పెద్ద గ్లాసు. ఆరు కొట్టగానే గేటు లేస్తుంది, రాత్రంతా ఆగిన బండ్లన్నీ ఒక్కసారి వదిలిన గొర్రెల్లా పడతాయి. రాత్రి జంతువులు ఇంకా రోడ్డు వదలని వేళ అది. మంచు కూడా ఉంటుంది. కాబట్టి ఇంకో చాయ్ తాగి, వరసంతా పోయాక ఆరున్నరకు కదలడం మంచిది. అరగంట ఆలస్యమైతే మన్ననూరులో ఇడ్లీలు ఏమీ అయిపోవు.

వటవర్లపల్లి దాటాక, గీత మీద కుందేలు. అప్పుడే తగిలింది. ఒంటి మీద గాయం లేదు, కళ్లు తెరిచే ఉన్నాయి. ముక్కు దగ్గర మాత్రం చిన్న నెత్తుటి చుక్క. ముందు పోయే లారీ గాలికి ఒక చెవి లేచి, మళ్లీ వాలింది. బండి ఆపి దిగి దాన్ని పక్కకు నెట్టడం సందర్శకుడి పని కాదు. అభయారణ్యంలో చచ్చిన జంతువును ముట్టుకోకూడదు. అలాగని వదిలేస్తే ఇంకో ప్రమాదం. దాన్ని తినడానికి కాకులు, నక్కలు, ఒక్కోసారి చిరుత కూడా తారు మీదికే వస్తాయి, వాటినీ బండి కొడుతుంది. చేయాల్సింది పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకె చూసుకోవడం, టైము చూసుకోవడం, తర్వాతి చెక్‌పోస్టులో చెప్పడం.

మన్ననూరు గేటు దగ్గర వాచర్ రిజిస్టరు తెరిచి అంకె రాసుకున్నాడు. ఏం జంతువని అడిగాడు, రాశాడు. పెన్ను ఎత్తి మళ్లీ అడిగాడు: “శ్రీశైలం పొయ్యే పక్కనా, వచ్చే పక్కనా?”